తక్కువ ఖర్చులో, నడపడానికి సరదాగా ఉండే మాన్యువల్ గేర్ పాత కారు ఏది కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చేతిలో ఉన్న డబ్బు పరిమితం, కాబట్టి పాత కారే. ఆటోమేటిక్ వద్దు. రోజూ పనికి వెళ్లేది దాంట్లోనే, సెలవు రోజున మలుపుల రోడ్డు మీద సరదాగా తిప్పేది కూడా దాంట్లోనే. "కనీసం 200 హార్స్‌పవర్ లేకపోతే మజా ఉండదంటున్నారు, నిజమేనా? ఏ మోడల్ కొనమంటారు? మాన్యువల్ అంతగా అలవాటు లేదు, క్లచ్ పాడు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. 200 హార్స్‌పవర్ అక్కర్లేదు. పవర్ ఎంత అని కాదు, బండి బరువు ఎంత అని అడగండి. రోజూ వాడే ఒక్కగానొక్క కారైతే చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో స్పోర్ట్ రకం చూడండి. సుజుకీ స్విఫ్ట్ స్పోర్ట్, ఫోర్డ్ ఫియస్టా ఎస్‌టీ లాంటివి. ఇంట్లో ఇంకో బండి ఉండి, దీంట్లో ఇద్దరు పడితే చాలనుకుంటే మాజ్డా ఎంఎక్స్-5. ఈ రెంటికీ మధ్యలో, కాస్త ఎక్కువ పెట్టగలిగితే టయోటా జీటీ86 లేదా దాని తోబుట్టువు సుబారు బీఆర్‌జడ్. ఏది చూసినా సరే, మీ డబ్బుకు అందే వాటిలో పెద్ద పేరున్న బండి కొనకండి. దానికంటే ఒక మెట్టు కిందిది, కానీ యజమాని శ్రద్ధగా చూసుకున్నది కొనండి.

నేను చాలాకాలం గేర్‌బాక్సులు విప్పి బిగించే పని చేశాను. ఇప్పుడు ఎక్కువగా తెలిసినవాళ్ల కోసం పాత బండ్లు చూసిపెడుతుంటాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచే.

బరువు గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మాన్యువల్ కారులో మజా అంతా ఇంజన్‌ని పూర్తిగా వాడుకోవడంలో ఉంది. రెండో గేరులో ఎర్రగీత (మీటరు మీద ఇంజన్ వేగానికి గరిష్ఠ గుర్తు) దాకా లాగి, మూడో గేరు వేసి, మలుపు ముందు మళ్లీ రెండుకు దించడం. 300 హార్స్‌పవర్ కారులో ఈ పని చేస్తే రెండో గేరు అయిపోయేసరికే మామూలు రోడ్డు మీద స్పీడ్ లిమిట్ దాటేసి ఉంటారు. ఇక గేర్లు మార్చే పనేముంది? టన్ను బరువు, 120 హార్స్‌పవర్ ఉన్న బండిలో అయితే ఇంజన్ అరుస్తుంటుంది, మీ చేయి ఖాళీగా ఉండదు, అయినా పక్కవాళ్లు భయపడేంత వేగం ఉండదు. పైగా బరువు తగ్గితే బండి ఎత్తుకోవడం ఒక్కటే కాదు, ఆగడం, తిరగడం కూడా మారిపోతాయి. టైర్లు చిన్నవి, బ్రేక్ డిస్కులు చిన్నవి, క్లచ్ మీద భారం తక్కువ. అంటే తర్వాత పెట్టే ఖర్చు కూడా తక్కువే.

ఇప్పుడు మోడళ్ల సంగతి. ఒకే మోడల్‌కి దేశాన్ని బట్టి, సంవత్సరాన్ని బట్టి తేడాలుంటాయి కాబట్టి ముఖ్యమైనవే చెబుతాను.

ఎంఎక్స్-5 మొదట 1989లో వచ్చింది. తొలి తరం బండి బరువు దాదాపు టన్ను. ఇంజన్ ముందు, నడిచేది వెనక చక్రాలు. గేర్ లివర్ నేరుగా కింద ఉన్న గేర్‌బాక్సులోకే దిగుతుంది, మధ్యలో కేబుళ్లు లేవు. అందుకే దాని గేరు మారుస్తుంటే చేతికి ఆ ఇనుము కదలిక తెలుస్తుంది. ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, లివర్ కేబుళ్లతో గేర్‌బాక్సును లాగుతుంది. అందులోనూ మంచివి ఉన్నాయి కానీ ఆ స్పర్శ వేరు. ఎంఎక్స్-5లో భయపడాల్సింది ఇంజన్‌కి కాదు, తుప్పుకి. మొదటి రెండు తరాల్లో తలుపుల కింద, వెనక చక్రాల ముందు ఉండే భాగం లోపలినుంచి తినేస్తుంది. గుడ్డ టాప్ మీద పడిన నీళ్లు బయటికి పోయే సన్న గొట్టాలు చెత్తతో మూసుకుపోతే ఆ నీళ్లు అక్కడే నిలుస్తాయి. పైన పెయింట్ మెరుస్తుంటుంది, కింద వేలితో నొక్కితే రేకు లోపలికి పోతుంది. రెండో తరంలో ముందువైపు ఛాసిస్ రెయిల్స్ (బండి అడుగున పొడవుగా ఉండే ఇనుప దూలాలు) కూడా చూడాలి, అక్కడ తుప్పంటే బతికించడం ఖరీదైన పని. పొడవైనవాళ్లు కొనేముందు కూర్చుని చూసుకోవాలి. మోకాలు స్టీరింగ్‌కి తగులుతుంటే ఎంత మంచి బండైనా మీది కాదు.

స్విఫ్ట్ స్పోర్ట్‌లో 2005లో వచ్చిన 1.6 లీటర్ల రకం, 2011 తర్వాత ఆరు గేర్లతో వచ్చింది, 2017 నుంచి వచ్చిన 1.4 టర్బో, మూడూ బాగుంటాయి. మొదటి రెంటికీ టర్బో లేదు, తిప్పితేనే పికప్ వస్తుంది. టర్బోది టన్ను కంటే తక్కువ బరువు, 140 హార్స్‌పవర్, రోజువారీ ట్రాఫిక్‌లో తేలిక. నాకు వ్యక్తిగతంగా 2011 రకం ఇష్టం. మీరు చెప్పిన వాడకానికి మాత్రం ఏది శుభ్రంగా దొరికితే అదే సరి.

ఫియస్టా ఎస్‌టీ 2013లో వచ్చిన రకానికి ఆటోమేటిక్ అసలు లేనే లేదు. స్టీరింగ్ చాలా చురుకు. సస్పెన్షన్ గట్టిగా ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టి గతుకుల రోడ్డు మీద తిప్పాకే బేరం మాట్లాడండి.

జీటీ86, బీఆర్‌జడ్ 2012లో వచ్చాయి. 200 హార్స్‌పవర్, 1,240 కిలోల చుట్టుపక్కల బరువు, వెనక చక్రాల నడక. మధ్య ఆర్‌పీఎంలో (ఆర్‌పీఎం అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) లాగుడు కాస్త పడిపోతుంది. కొందరికి అది చిరాకు, అలవాటైనవాళ్లు గేరు దించి వెళ్లిపోతారు. తొలి బండ్లకు వాల్వ్ స్ప్రింగుల మీద 2018లో రీకాల్ (కంపెనీయే బండిని పిలిపించి లోపం సరిచేయడం) వచ్చింది. ఆ పని జరిగిందా, ఎవరు చేశారు అన్న కాగితం అడగండి. అది ఇంజన్ కిందికి దించి చేసే పని కాబట్టి చేసిన చేయి ముఖ్యం.

హోండా సివిక్ ఎస్ఐ 2006–2011 దొరికే చోట ఉంటే, 8,000 ఆర్‌పీఎం దాకా తిరిగే ఆ ఇంజన్ కోసమే చూడొచ్చు. మూడో గేరు సింక్రో (గేరు కర్రుమనకుండా పడేలా వేగాలు కలిపే రింగు) మీద ఫిర్యాదులున్న బండి అది. కింద చెప్పే పరీక్ష దానికి తప్పనిసరి.

ఇక చౌకగా కనిపించి ముంచేవి. కొత్తప్పుడు ఖరీదైన కారు పాతబడ్డాక ధర పడిపోతుంది, విడిభాగాల ధర మాత్రం పడదు. బీఎండబ్ల్యూ ఈ46 (3 సిరీస్‌లో ఒక పాత తరం) నడపడానికి అద్భుతం, అందులో అనుమానం లేదు. కానీ కూలింగ్ వ్యవస్థలో ప్లాస్టిక్ భాగాలు పెళుసుబారి పగులుతాయి, వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్‌ను మోసే ఇనుప చట్రం) బిగించిన చోట బాడీ రేకు చీలుతుంది. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐలో ఐదో తరం తొలి ఇంజన్లకు ఫ్యూయల్ పంపును నొక్కే క్యామ్ ఫాలోవర్ అనే చిన్న ముక్క అరుగుతుంది, ఆ తర్వాతి ఇంజన్లలో తొలివాటికి టైమింగ్ చైన్‌ను బిగుతుగా ఉంచే టెన్షనర్ బలహీనం. ఆ పని ముందే చేయించిన బండి దొరికితే కొనండి, లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తీసేసి మాట్లాడండి. మాజ్డా ఆర్ఎక్స్-8 గురించి మీరు తప్పకుండా వింటారు. చౌక, అందం, 9,000 ఆర్‌పీఎం. రోటరీ ఇంజన్ (పిస్టన్లకు బదులు తిరిగే రోటర్లు ఉండేది) అది, ఆయిల్ తాగడం దాని నైజం, సీళ్లు అరిగితే ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. రోటరీకి వేరుగా ఉండే కంప్రెషన్ (ఇంజన్ లోపల ఏర్పడే ఒత్తిడి) మీటరుతో చూసిన లెక్క చేతికిచ్చేదాకా డబ్బు తీయొద్దు. ఉన్న ఒక్క కారు అదే అయితే అసలొద్దు.

బండి చూడటానికి వెళ్లేటప్పుడు ఒక్క మాట ముందే చెప్పండి: "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి." వెళ్లగానే బోనెట్ మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి. చల్లని ఇంజన్ దాచలేనివి చాలా ఉన్నాయి. స్టార్ట్ అయిన మొదటి క్షణాల్లో చైన్ చప్పుడు, నీలంగా వచ్చే పొగ, అన్నిటికంటే ముఖ్యంగా గేర్‌బాక్సు చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు పడే తీరు.

మాన్యువల్ బండిలో నేను ఎక్కువసేపు చూసేది ఇక్కడే, కాబట్టి వరసగా చెబుతాను. ముందు మ్యూజిక్ ఆపించండి. ఒకసారి ఒకాయన బండి చూపిస్తూ పాటలు పెట్టి, ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆపమని అడిగి, న్యూట్రల్‌లో క్లచ్ మీద కాలు తీసి విన్నాను. సన్నగా రుద్దుతున్నట్టు ఒక చప్పుడు. క్లచ్ నొక్కాను, పోయింది. వదిలాను, మళ్లీ వచ్చింది. అది గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు దించి విప్పాలి. దీనికి ఉల్టాగా, క్లచ్ నొక్కినప్పుడు చప్పుడు వచ్చి వదిలితే పోతే అది రిలీజ్ బేరింగ్. క్లచ్ సెట్‌తో పాటే మారిపోతుంది, అంత భయం లేదు. ఒకే పెడల్, రెండు చప్పుళ్లు, ఖర్చులో మాత్రం పొంతనే లేదు.

తర్వాత రోడ్డు మీద మూడో గేరులోనో నాలుగో గేరులోనో 2,000 ఆర్‌పీఎం దగ్గర నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకెగిరి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. చిన్న గేరులో ఈ సంగతి బయటపడదు. హ్యాండ్ బ్రేక్ లాగి క్లచ్ వదిలే పరీక్ష కొందరు చేస్తారు, పరాయి బండి మీద అది మర్యాద కాదు. ఇంజన్ ఆపేటప్పుడు దడదడమని ఊగితే, ఐడిలింగ్‌లో కింద గలగలమంటే, డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజన్ అదురు తగ్గించడానికి మధ్యలో స్ప్రింగులున్న రెండు భాగాల చక్రం) ఉన్న బండ్లలో దాన్ని అనుమానించాలి. చాలా బండ్లలో అది క్లచ్ సెట్ కంటే ఖరీదు.

సింక్రోల కోసం మూడులోంచి రెండుకి కాస్త చకచకా దించండి, అదీ బండి చల్లగా ఉన్నప్పుడు. కర్రుమంటే సింక్రో రింగు అరిగింది. "చల్లగా ఉంటే ఏ బండైనా అంతే" అంటారు. కాస్త గట్టిగా పడటం సహజమే, కర్రుమనడం సహజం కాదు. ఇంకొకటి, ఒక్కో గేరులో కాస్త లాగి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేయండి, లివర్ మీద చేయి పెట్టకుండా. గేరు తనంతట తానే న్యూట్రల్‌కి ఎగిరిపోతే ఆ బండి వదిలేయండి. లివర్ మాత్రం వదులుగా అటూ ఇటూ ఊగుతుంటే బెదరకండి. చాలాసార్లు అది లివర్ కింది బుష్‌లు అరగడమే, కొద్ది ఖర్చుతో పోతుంది. కేబుల్ బండ్లలో బుష్ మారిస్తే కొత్త గేర్‌బాక్సు వేసినట్టుంటుంది. ఇది బేరానికి మంచి ఆయుధం కూడా.

మాన్యువల్‌కే ఉన్న ఇంకో ప్రమాదం ఉంది. బాగా వేగంగా పోతూ నాలుగో గేరుకి దించబోయి రెండులో వేసేవాళ్లుంటారు. రెవ్ లిమిటర్ (ఇంజన్ హద్దు మీరి తిరగకుండా ఆపే ఏర్పాటు) పెట్రోలు ఆపగలదు కానీ చక్రాలు ఇంజన్‌ని తిప్పడాన్ని ఆపలేదు. వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోవచ్చు. బండి నడుస్తూనే ఉండొచ్చు, ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గి ఉంటుంది. ట్రాక్ మీద తిరిగిన బండి అని తెలిస్తే కంప్రెషన్ పరీక్ష చేయించకుండా కొనకండి. ట్రాక్‌కి వెళ్లిందని నిజాయితీగా చెప్పి, ప్రతిసారీ ఆయిల్ మార్చిన బిల్లులు చూపించేవాడిని మాత్రం నేను నమ్ముతాను. అసలు గట్టిగా తొక్కనే లేదు అని ప్రమాణాలు చేసేవాడి టైర్ల అంచులు చూడండి.

టైర్లంటే గుర్తొచ్చింది. నాలుగూ ఒకే కంపెనీవి, మంచివి అయితే యజమాని మిగతా బండినీ అలాగే చూసుకున్నాడని చాలావరకు అనుకోవచ్చు. నాలుగూ నాలుగు రకాలైతే దానికి ఉల్టా. టైరు గోడ మీద చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ: 2319 ఉంటే 2019లో 23వ వారం అన్నమాట. బండికి డబ్బంతా పోసి టైర్ల దగ్గర పొదుపు చేయడం ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు. తేలిక బండికి మంచి టైర్లు వేస్తే వచ్చే తేడా, ఏ ఇంజన్ రీమ్యాప్‌తోనూ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) రాదు.

బండి కంప్యూటర్‌లోని తప్పు కోడ్‌లు చదివే చౌక స్కానర్ ఒకటి వెంట తీసుకెళ్లండి. తప్పు కోడ్‌లు లేవంటే సంతోషించి ఆగిపోవద్దు, రెడీనెస్ మానిటర్లు (బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపేవి) చూడండి. అవి చాలావరకు పూర్తికాలేదని చూపిస్తే ఎవరో ఈమధ్యే కోడ్‌లు చెరిపేశారని, లేదా బ్యాటరీ తీసి పెట్టారని అర్థం. బ్యాటరీ కొత్తదైతే సరే, ఎప్పటిదో అయితే ఎందుకు చెరిపారో అడగాలి. మీటరు వెనక్కి తిప్పారేమోనన్న అనుమానం ఉంటే పెడళ్ల రబ్బరు, గేరు నాబ్, డ్రైవర్ సీటు బయటి అంచు చూడండి. తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండికి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉండదు.

మార్పులు చేసిన బండి వద్దు. సైలెన్సర్, చక్రాలు మార్చినంతలో కొంపలేం మునగవు, అసలువి కూడా ఇస్తానంటే ఇంకా నయం. స్ప్రింగులు కోసి కిందికి దించింది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) రీమ్యాప్ చేసి మామూలు క్లచ్‌తోనే తిప్పింది అయితే ముందు యజమాని సరదాకి మీరు బిల్లు కడతారు. ఒక కుర్రాడు రంగు, చక్రాలు చూసి అలాంటిదే అడ్వాన్స్ ఇచ్చి నన్ను పిలిచాడు. లిఫ్ట్ మీద ఎత్తి చూస్తే ఒకవైపు యాక్సిల్ బూటు (యాక్సిల్ కీలును, అందులోని గ్రీజును కప్పే రబ్బరు తొడుగు) చిరిగి గ్రీజంతా చక్రం లోపలివైపు చిమ్మి ఉంది. బండి బాగా కిందికి దించడంతో యాక్సిల్ కోణం మారి ఆ బూటు మీదే ఒత్తిడి పడింది. అదృష్టం, అడ్వాన్స్ చిన్నదే.

డబ్బు లెక్క ఒక్క ముక్కలో: మీ దగ్గరున్నదాంట్లో ఐదో వంతు పక్కన పెట్టి, మిగతాదాంతోనే బండి వెతకండి. ఆ ఐదో వంతు టైర్లకీ, బ్రేకులకీ, టైమింగ్ బెల్టుకీ, మొదటి సర్వీసుకీ. బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క, ఎందుకంటే తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పోతాయి. ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కూడా బేరానికి ముందే కనుక్కోండి, స్పోర్ట్ అన్న పేరుకే ప్రీమియం పెరిగే చోట్లున్నాయి.

కొన్నాక మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించండి. అందరూ మర్చిపోయేది గేర్ ఆయిల్. బండితో వచ్చిన పుస్తకంలో జీఎల్-4 (గేర్ ఆయిల్‌లో ఒక రకం) అని ఉంటే అదే వేయండి. జీఎల్-5 ఇంకా మంచిదంటూ పోసేవాళ్లున్నారు. అందులో కలిపే రసాయనాలు కొన్ని ఇత్తడి సింక్రోలకు పడవు, పైగా ఎక్కువ జారుడు వల్ల సింక్రో పట్టు సరిగ్గా పడదు. గేర్లు గట్టిగా పడుతున్నాయని నా దగ్గరకొచ్చిన బండ్లలో కొన్నిటికి నేను చేసింది సరైన ఆయిల్ పోయడమే.

చివరిగా మీ క్లచ్ టెన్షన్. నేర్చుకునేటప్పుడు నాలుగుసార్లు బండి ఆగిపోతే క్లచ్ పాడవదు. పాడయ్యేది సగం నొక్కి పట్టుకున్నప్పుడు. ఎత్తు మీద క్లచ్‌తో బండిని నిలబెట్టకండి, హ్యాండ్ బ్రేక్ వాడండి. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో వేసి కాలు తీసేయండి. నడుస్తున్నప్పుడు ఎడమ కాలికి పెడల్ మీద పనిలేదు, పక్కన ఫుట్‌రెస్ట్ ఉంది. బండి కదిలించేటప్పుడు భయంతో ఇంజన్‌ని ఎక్కువ రేసు చేయకండి, 1,500 ఆర్‌పీఎం చుట్టుపక్కల చాలు. గేరు దించేటప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా తాకించి ఆర్‌పీఎం కలపడం రెండు మూడు నెలలయ్యాక మొదలుపెట్టండి, ముందు మామూలుగా నున్నగా దించడం రానివ్వండి. చూసిన బండి ఏదైనా ఉంటే సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు, సర్వీసు బిల్లుల్లో ఏముందో రాయండి. దాన్నిబట్టి ముందు ఎక్కడ చూడాలో చెబుతాను.